హైదరాబాదు క్లోరోఫారం కమిషన్

శస్త్రచికిత్స కోసం మత్తులో ఉంచిన రోగి హఠాత్తుగా మరణిస్తే, మందు దెబ్బతీసినది మెదడునా, గుండెనా? పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులను వేధించిన ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి అసఫ్‌జాహీ ఖజానా తెరుచుకున్నది.

ఉర్దూ బోధనతో 1846లో ఆరంభమైన హైదరాబాదు వైద్య పాఠశాలకు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ అధిపతి అయ్యాడు. నాడి చూడనక్కరలేదు, ఊపిరిని గమనిస్తే చాలునన్నది అతడు ఎడింబరోలో నేర్చుకున్న పాఠం. 1888లో ఇక్కడి తొలి కమిషన్ కుక్కలపై ప్రయోగాలు జరిపి అదే నిజమన్నది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అంతట ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు మంజూరుచేసి, ఆ పత్రిక ఎన్నుకున్న నిపుణుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. విమర్శకుడినే పిలిపించి పరీక్షింపజేయడం సామాన్యమైన విషయం కాదు.

1889 చివర, అనగా హిజ్రీ 1307లో, కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు మొదలైన 490 జంతువులపై పరీక్షలు జరిగాయి. సందేహంతో వచ్చిన బ్రంటన్ సైతం లారీ పక్షానికే మారాడు: మెదడులోని శ్వాసకేంద్రం ముందు స్తంభిస్తుంది, గుండె ఆ తరువాతనే ఆగుతుంది.

ప్రయోగాలు అబద్ధం కావు. అయితే అవి చాలావరకు అధిక మోతాదుతో సాగినవి. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు ఒక కుక్క మెదడుకు మరొక కుక్క నెత్తురు అందేలా కలిపి, మందును ఒకసారి మెదడుకు, ఒకసారి గుండెకు విడివిడిగా పంపి చూశారు. రక్తపు ఒత్తిడి తగ్గడానికి కారణం గుండె మీది ప్రభావమేనని తేల్చారు. లారీ అంగీకరించలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చూపినది మరీ ఆశ్చర్యకరం: క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోగలదు! హైదరాబాదు వారు వెదకనిది సరిగ్గా అక్కడనే.

క్లోరోఫారం వాడుక పోయినా ప్రశ్న పోలేదు. అది ఇప్పుడు నాడీకణాల దాకా దిగింది. కణజాలాన్ని పరీక్షించే పరిశోధకుడు జంతువుకు ఏ మత్తు ఇచ్చాడన్నదానిని బట్టి ఫలితమే మారవచ్చును. కెటమిన్ వంటిది కణాల మధ్య సంకేతాలనే అడ్డుకుంటుంది. 2003లో అమెరికాలో ఏడు రోజుల ఎలుక పిల్లలకు మిడజోలామ్, నైట్రస్ ఆక్సైడ్, ఐసోఫ్లూరేన్ కలిపి ఆరు గంటలు ఇస్తే మెదడులో కణాలు విస్తారంగా నశించాయి. 2016లో అమెరికా ఔషధ సంస్థ, మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు మించి గాని, పదేపదే గాని మత్తు ఇచ్చే విషయమై హెచ్చరించింది. తల్లిదండ్రులకు ఊరటనిచ్చే మాట కూడా ఉన్నది: శైశవంలో ఒక్కసారి, గంటలోపు సెవోఫ్లూరేన్ మత్తు పొందిన పిల్లలకు, మెలకువగా ఉంచి నడుము కింది భాగానికే మొద్దుమందు ఇచ్చిన పిల్లలకు అయిదవ ఏట తెలివితేటలలో తేడా కనబడలేదు. 2019లో ఈ ఫలితాన్ని ప్రకటించినది కూడా లాన్సెట్ పత్రికే.