ఇంటి టెలిఫోను: రాగి తీగ నుండి ఇంటర్నెట్ దాకా

అరువది ఏళ్ళనాటి నల్లని టెలిఫోను ఒకటి అటక మీద దొరికినదనుకొందాము. దుమ్ము తుడిచి, దాని తీగను ఈనాటి ఇంటర్నెట్ పెట్టెకు తగిలిస్తే అది పనిచేస్తుందా? చాలవరకు పనిచేస్తుంది. గంట మ్రోగుతుంది, రిసీవరు ఎత్తితే మాట వినిపిస్తుంది. డయలు త్రిప్పి నంబరు పిలవటము మాత్రము కొన్ని పెట్టెల దగ్గర కుదరదు. ఇంటర్నెట్ అనే మాటయే పుట్టని కాలములో తయారైన యంత్రము ఇంటర్నెట్‌తో ఎట్లా మాట్లాడగలుగుతున్నది? దీనికి సమాధానము టెలిఫోను చరిత్రలోనే ఉన్నది.

టెలిఫోనుకూ ఎక్స్ఛేంజికీ మధ్య రెండు రాగి తీగలు మాత్రమే ఉంటాయి. ఆ రెండు తీగల మీదుగానే నాలుగు పనులు జరగాలి. యంత్రమునకు విద్యుచ్ఛక్తి అందాలి, గంట మ్రోగాలి, కావలసిన నంబరు ఎక్స్ఛేంజికి తెలియాలి, మాట రెండు వైపులా ప్రయాణము చేయాలి. ఈ నాలుగు పనులకూ నాలుగు పద్ధతులు ఒకదాని తరువాత ఒకటి స్థిరపడినాయి.

అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు 1876 మార్చి 7న అమెరికాలో టెలిఫోను పేటెంటు లభించినది. మూడు రోజుల తరువాత, మార్చి 10న, ప్రక్క గదిలో ఉన్న వాట్సన్‌కు ఆయన మాట తీగ ద్వారా వినిపించినది. ఆ తరువాత వచ్చిన కార్బన్ ప్రేషకము మాటను బలముగా పంపగలిగినది కాని, దానికి బ్యాటరీ కావలసి వచ్చినది. అందుచేత ఆ రోజులలో ప్రతి ఇంటి టెలిఫోనుకూ దాని బ్యాటరీ దానికే ఉండేది. ఎక్స్ఛేంజిని పిలవటానికి ఒక చిన్న పిడిని త్రిప్పవలసి వచ్చేది. బ్యాటరీలు నీరసించినపుడల్లా మనుష్యులు ఇల్లిల్లూ తిరిగి మార్చవలసినదే.

1890 తరువాతి దశాబ్దములో ఈ కష్టము తీరినది. ఎక్స్ఛేంజిలోనే ఒక పెద్ద బ్యాటరీని ఉంచి, మాట పోయే తీగల మీదనే అన్ని ఇండ్లకూ శక్తిని పంపసాగినారు. కాలక్రమమున దీనికి 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ప్రమాణమైనది. రిసీవరు ఎత్తగానే వలయము పూర్తి అయి ప్రవాహము మొదలవుతుంది. ఆ ప్రవాహమును చూచి, ఫలానా ఇంటివారు మాట్లాడదలచినారని ఎక్స్ఛేంజి గ్రహిస్తుంది. ఈ ఏర్పాటులో మరియొక మేలు ఉన్నది. ఇంట్లో కరెంటు పోయినా టెలిఫోను పోదు. దానికి శక్తి ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి వస్తున్నది కదా! ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మన కథలో దీనితో మరల పని ఉన్నది.

ఇక గంట. దీనిని రూపొందించినవాడు బెల్ సహాయకుడైన వాట్సనే. గంటకు ఏకాంతర విద్యుత్తు కావాలి. దేశమును బట్టి సుమారు 75 నుండి 90 వోల్టుల దాకా, సెకనుకు 20 లేక 25 ఆవర్తనములతో దానిని పంపుతారు. గంటకు ముందు ఒక కెపాసిటరు ఉంటుంది. అది ఏకముఖ విద్యుత్తును ఆపివేసి, ఏకాంతర విద్యుత్తును మాత్రమే పోనిస్తుంది. కనుక ఎల్లవేళలా తీగ మీద ఉండే 48 వోల్టులు గంటను కదిలించవు. ఒకే తీగల జంట మీద రెండు పనులు కలగాపులగము కాకుండా జరిగే చమత్కారము ఇది.

మూడవ పని నంబరును తెలుపటము. స్వయంచాలక ఎక్స్ఛేంజిని కనిపెట్టిన ఆల్మన్ స్ట్రౌజర్ ఇంజనీరు కాడు. అమెరికాలోని కాన్సస్ సిటీలో శవసంస్కారముల ఏర్పాట్లు చేసే వ్యాపారి. ఆపరేటరు తన గిరాకీలను పోటీదారునకు కలుపుతున్నదని అనుమానించి ఆయన ఈ పనికి పూనుకొన్నాడని ప్రతీతి. 1891లో ఆయనకు పేటెంటు వచ్చినది. 1892లో ఇండియానా రాష్ట్రములోని లా పోర్ట్‌లో మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి ప్రారంభమైనది. ఆ తరువాత వచ్చిన డయలు ఒక స్విచ్చి మాత్రమే. 7 అంకెను త్రిప్పి విడిస్తే అది తీగలోని ప్రవాహమును, సెకనుకు పది చొప్పున, ఏడు మారులు తెంపి కలుపుతుంది. 1963లో అమెరికాలో మీటల టెలిఫోను వచ్చినది. ఇందులో ప్రతి మీటా రెండు స్వరములను ఒకేసారి పలుకుతుంది. ఉదాహరణకు 5 మీట స్వరములు 770, 1336 హెర్ట్‌జులు. మనిషి కంఠము పొరపాటున కూడ ఈ జంటను సులభముగా పలుకజాలదు.

ఇంటి తీగకు ఏ యంత్రమును తగిలించే హక్కు ఎవరికి ఉన్నది? ఈ ప్రశ్న అమెరికాలో న్యాయస్థానము దాకా పోయినది. అప్పటి టెలిఫోను కంపెనీ, తాను ఇచ్చిన పరికరము తప్ప మరేదీ తగిలించరాదని నిషేధించేది. మాట ప్రక్కవారికి వినబడకుండా మూతికి అమర్చుకొనే హష్-ఎ-ఫోన్ అనే గిన్నెను కూడ ఒప్పుకోలేదు. 1956లో అప్పీలు న్యాయస్థానము ఆ నిషేధమును త్రోసిపుచ్చినది. 1968లో కార్టర్‌ఫోన్ అనే రేడియో అనుబంధ పరికరము విషయములో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కూడ వినియోగదారుల పక్షమే వహించినది. 1970 తరువాతి దశాబ్దములో, ఇతరులు చేసిన పరికరములను నమోదు చేసికొని తగిలించే నియమములు వచ్చినాయి. తీగకూ యంత్రమునకూ మధ్య ఏ వోల్టేజి ఉండవచ్చు, గంట ఎంత భారము మోపవచ్చు, కొక్కెము ఏ ఆకారములో ఉండాలి అన్నవి అందరికీ తెలిసే ప్రమాణములైనాయి. టెలిఫోనుకు ఏమేమి కావాలో బహిరంగముగా వ్రాసి ఉన్నందువలననే, ఎక్స్ఛేంజి వేషము వేసే పెట్టెను ఎవరైనా తయారు చేయగలిగినారు.

నాలుగవ పని మాట. మాటను అంకెలుగా మార్చవచ్చునని అలెక్ రీవ్స్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1930ల చివరలో చూపినాడు. సెకనుకు 8,000 మారులు మాట తరంగము ఎత్తును కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాస్తే, సెకనుకు 64,000 బిట్లు అవుతాయి. ఇది టెలిఫోను శాఖలకు ప్రమాణమైనది. 1974లో అమెరికాలోని ఆర్పానెట్ మీద మాటను చిన్న చిన్న పొట్లములుగా పంపే ప్రయోగములు ఫలించినాయి. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ ఇంటర్నెట్ ఫోన్ అనే ప్రోగ్రామును విడుదల చేసినది. కాని అందులో మాట్లాడాలంటే ఇరువైపులవారూ కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఇంట్లో ఉన్న టెలిఫోను మాత్రము గోడకే ఉండిపోయినది.

ఆ లోటును తీర్చినది అడాప్టరు అనే చిన్న పెట్టె. 2000 తరువాతి సంవత్సరములలో ఇది ఇండ్లలోకి ప్రవేశించినది. టెలిఫోను వైపు ఇది ఒక చిన్న ఎక్స్ఛేంజి. ఇంటర్నెట్ వైపు ఒక కంప్యూటరు. తీగలో ప్రవాహమును తానే పుట్టిస్తుంది, గంటకు ఏకాంతర విద్యుత్తును ఇస్తుంది, మీటల స్వరములను గుర్తిస్తుంది. మాటను సాధారణముగా సెకనులో 50వ వంతు చొప్పున కోసి పొట్లములు కడుతుంది. అంటే ఒక్కొక్క పొట్లములో 160 కొలతలు. డయలు పద్ధతిని కొన్ని పెట్టెలు గుర్తించకపోవటానికి కారణము, తయారుచేసినవారు తెగి కలిసే ప్రవాహమును లెక్కించే ఏర్పాటును అందులో పెట్టకపోవటమే.

ఇంటిలోని పాత తీగలను కూడ వాడుకోవచ్చును. గదులలోని సాకెట్లు సాధారణముగా సమాంతరముగా కలిపి ఉంటాయి. కనుక అడాప్టరును ఏదో ఒక సాకెట్టుకు తగిలిస్తే తక్కిన గదులలోని టెలిఫోనులు కూడ పలుకుతాయి. కాని అంతకు ముందు, వీధి నుండి వచ్చే తీగను ఇంటి తీగల నుండి విడదీయటము తప్పనిసరి. లేనియెడల ఎక్స్ఛేంజి విద్యుత్తు అడాప్టరులోకి ప్రవేశించి దానిని పాడుచేయవచ్చును. పాత గంటలు ఎక్కువ శక్తిని కోరుతాయి. అడాప్టరు ఒకేసారి కొన్నింటిని మాత్రమే మ్రోగించగలదు. ఐదారు గదులలో పాత టెలిఫోనులు ఉంటే గంటలు నీరసముగా మ్రోగవచ్చు, అసలే మ్రోగకపోవచ్చు.

ఇప్పుడు మొదట గుర్తుంచుకొమ్మన్న సంగతికి వద్దాము. అడాప్టరుకు శక్తి ఇంటి కరెంటు నుండి వస్తుంది. కరెంటు పోతే, వేరే బ్యాటరీ లేని ఇంట్లో టెలిఫోను మూగబోతుంది. బ్రిటన్‌లో ఈ మార్పు దేశమంతటా జరుగుతున్నపుడు ఇది పెద్ద సమస్య అయినది. 2021 నవంబరులో అర్వెన్ తుఫాను వలన అనేక ఇండ్లకు రోజుల తరబడి కరెంటు లేకపోయినది. అటువంటి అనుభవముల తరువాత, 2022 మార్చిలో అక్కడి ప్రధాన టెలిఫోను సంస్థ ఈ మార్పును కొంతకాలము నిలిపివేసినది. మెడలో వేసుకొన్న మీటను నొక్కి టెలిఫోను ద్వారా సహాయము కోరే వృద్ధుల పరికరములు కొన్ని క్రొత్త లైన్ల మీద పనిచేయలేదు. అందువలన, అటువంటివారిని తగిన పరీక్ష లేకుండా బలవంతముగా మార్చబోమని 2023 డిసెంబరులో కంపెనీలు ప్రభుత్వమునకు మాట ఇచ్చినాయి. 2025 చివరకు పూర్తి కావలసిన మార్పు గడువును 2024లో 2027 జనవరికి పొడిగించినారు.

మన ఊళ్ళలో కూడ గాజుతంతువు కనెక్షను ఉన్న ఇండ్లలో గోడకు అమర్చిన పెట్టెకే టెలిఫోనును తగిలిస్తున్నారు. గాజులో కాంతి పోతుంది కాని, టెలిఫోనును నడిపే విద్యుత్తు పోదు. ఎక్స్ఛేంజి ఒకప్పుడు చేసిన నాలుగు పనులనూ ఇప్పుడు ఆ పెట్టెయే చేస్తున్నది. అందులో శక్తినిచ్చే బాధ్యత మాత్రము ఎక్స్ఛేంజి నుండి ఇంటివారి చేతికి వచ్చినది. పెద్దవారు ఒంటరిగా ఉండే ఇంట్లో అటువంటి పెట్టెను పెట్టించేటపుడు, దాని ప్రక్కన ఒక బ్యాటరీని కూడ పెట్టించి, ఒకసారి కరెంటు ఆపి టెలిఫోను పలుకుతున్నదో లేదో చూచుకొనుట మంచిది.