టెలిఫోను తీగపై లినక్సు

వైరావంటి పట్టణములో సైతము నేడు చేతిలోని ఫోనే అంతర్జాలమునకు వాకిలి. పాతికేండ్లకు పూర్వము ఆ వాకిలి టెలిఫోను తీగ. ఆ తీగతో లినక్సు కంప్యూటరునకు పొత్తు కుదిరిన కథను శ్రోతలకు మనవిచేయ దలచినాము.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించినది. మొదట అది మహానగరములకే పరిమితము. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించిన పిమ్మటనే చిన్న పట్టణములకు ఆశ కలిగినది.

టెలిఫోను తీగ మనుష్య కంఠమునకై ఏర్పడినది. సుమారు 300 మొదలు 3,400 హెర్ట్జుల వఱకు గల స్వరములనే మోయును. కంప్యూటరు ఎఱుగునవి సున్నయు ఒకటియు మాత్రమే. ఆ అంకెలను స్వరములుగా మార్చి పంపి, ఆవలి స్వరములను తిరిగి అంకెలు చేయునదే మోడెము. లైను కలియు వేళ వినవచ్చెడి కీచుధ్వనులు రెండు మోడెములు వేగమును గూర్చి సాగించెడి బేరము. తీగ అతుకులలో వాననీరు చేరినచో బేరము తక్కువకే తెగును. ఎక్స్ఛేంజికి దూరమున, భద్రాచలపు అడవి దారిలో నున్న ఊళ్లకు ఇది చిన్న మాట కాదు.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సును ఈ తీగపై దించుకొనుట ఓపికకు పరీక్షయే. 650 మెగాబైట్ల సీడీకి, సెకనుకు 28,800 బిట్ల వేగమున, ఎడతెగక 50 గంటలు పట్టును! కావుననే పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలు మన దేశమున ఎందఱి యిండ్లకో లినక్సును చేర్చినవి.

అసలు చిక్కు మోడెములోనే యున్నది. పెట్టెవలె బయట నుండి, సీరియల్ పోర్టునకు తగిలించునది బుద్ధిగల మోడెము. 1981లో హేస్ సంస్థ తెచ్చిన ‘ఏటీ’ ఆజ్ఞలను అది గ్రహించును. మినికామ్ తెఱచి ‘ఏటీ’ యని కొట్టగా ‘ఓకే’ యని బదులు వచ్చినచో సగము పని ముగిసినట్లే. ఎక్స్ఛేంజి పాత పల్సు పద్ధతిదైనచో ‘ఏటీడీటీ’కి మాఱుగా ‘ఏటీడీపీ’ యనవలెను. తరువాత పీపీపీడీ గాని, దానిని నడపు వీవ్‌డయల్ గాని సంధానము నెలకొల్పును. పేర్లను సంఖ్యలుగా మార్చు సర్వరు చిరునామా మఱచినచో లైను కలిసియు పేజీ రాదు. ఎందఱో ఇచటనే గంటలు గడపినారు.

చౌకగా దొరకిన లోపలి కార్డు, అనగా విన్‌మోడెము, వేఱు జాతి. ఖరీదు తగ్గించుటకై మోడెము చేయవలసిన లెక్కను కంప్యూటరు నెత్తిన పెట్టి, ఆ లెక్క తెలిసిన ప్రోగ్రామును విండోసునకు మాత్రమే యిచ్చిరి. లినక్సులో కార్డు కనబడును, పలుకదు. నింద మోసినది మాత్రము లినక్సు! కొన్న వస్తువు మర్మమును కొన్నవానికి దాచుట న్యాయమని మేమనజాలము. లిన్‌మోడెమ్స్ పేర కూడిన స్వచ్ఛంద శ్రామికులు కొన్ని కార్డులకు నోరిచ్చిరి. లూసెంట్ చిప్పులకు ఎల్‌టీమోడెమ్ అట్టిదే. అందును కొంత భాగము మూసిన పెట్టెయే.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండు వచ్చిన పిమ్మట మోడెముల కూతలు క్రమముగా సద్దుమణిగినవి. నాటి విన్‌మోడెము డ్రైవర్లు నేటి కెర్నెలుతో పొసగవు. బయటి పెట్టె మోడెమును సీరియల్ పోర్టునకు తగిలించి ‘ఏటీ’ యని కొట్టినచో, నేటికిని ‘ఓకే’ యనును.