ఆదిక్రైస్తవమోక్షవిచారమున విశ్వాసమును ధర్మశాస్త్రమును

ఆమడగూరునకు ఆగ్నేయమున పుంగనూరును, నైరృతిదిశను చిక్కబళ్ళాపురమును గలవు. పదునెనిమిదవ శతాబ్దపు తొలిపాదమున ఈ రెండుస్థలములందును ఫ్రెంచిదేశపు జెసూటు గురువులు క్రైస్తవమతమును బోధించిరి. వారి సమాజమునకు కర్ణాటక మిషనని పేరు. వారు సన్న్యాసివేషమును దాల్చి, మద్యమాంసములను వర్జించి, తెలుగు నేర్చి సంచరించిరి. వారిలో లె గాక్ అను గురువు 1709లో చిక్కబళ్ళాపురమునుండి వ్రాసిన లేఖ నేటికిని లభించుచున్నది. వారిముందు నిలిచిన ప్రశ్న యిది: బాప్తిస్మము పొందినవాడు తన కులాచారములను విడువవలయునా, విడువకయే మోక్షార్హుడగునా?

ఈ ప్రశ్న దక్షిణదేశమున బుట్టినది కాదు. క్రైస్తవమతము జనించిన ముప్పదియేండ్లలోపలనే ఇది తలయెత్తెను. కాని యా తొలివివాదముయొక్క స్వరూపము తరువాతి వ్యాఖ్యానములచే కొంత మరుగుపడినది. విశ్వాసము గొప్పదా, సత్కర్మ గొప్పదా యను తర్కముగనే దానిని పలువురు గ్రహించిరి. మూలగ్రంథములను బరిశీలించినచో, అది మొదట పంక్తినిగూర్చిన వివాదమని తేటపడును.

సిరియాదేశమందలి అంతియొకయ పట్టణమున యూదులును అన్యజనులును క్రైస్తవులై యొకే బంతిని గూర్చుండి భుజించుచుండిరి. పేతురును వారితోడ భుజించెను. యెరూషలేమునుండి యాకోబు పక్షమువారు కొందఱు రాగా, పేతురు వెఱచి యన్యజనుల పంక్తిని విడిచెను. బర్నబాయు నట్లే చేసెను. పౌలు పేతురును అందఱియెదుట నిలదీసెను. ఈ వృత్తాంతమును పౌలు తానే గలతీయులకు వ్రాసిన పత్రికలో జెప్పియున్నాడు. సున్నతి పొందనివానితోడ బంతి కూడదన్నచో, క్రీస్తునందలి విశ్వాసము మాత్రమే వానికి జాలదని చెప్పినట్లే యగునని పౌలు వాదము. సుమారు 49వ సంవత్సరమున యెరూషలేమున గూడిన పెద్దలు, అన్యజనులకు సున్నతి యావశ్యకము కాదనియు, విగ్రహార్పితములు, రక్తము, గొంతు పిసికి చంపినది, జారత్వము అను నాల్గింటిని మాత్రము వర్జింపవలయుననియు నిర్ణయించినట్లు అపొస్తలుల కార్యములు తెలుపుచున్నది. ఈ నాల్గింట మూడు ఆహారనియమములే యగుట గమనింపదగినది.

పౌలు తన పక్షమును స్థాపించిన తీరు మీమాంసకులకు రుచింపదగినది. ఆదికాండము పదునైదవ యధ్యాయమున అబ్రాహాము దేవుని నమ్మగా, అది యతనికి నీతిగా నెంచబడెను. సున్నతివిధి పదునేడవ యధ్యాయమున వచ్చుచున్నది. అప్పటికి అతనికి తొంబదితొమ్మిదియేండ్లు. నడుమ ఇష్మాయేలు జనించునప్పటికి అతనికి ఎనుబదియాఱేండ్లు గావున, నమ్మికకును సున్నతికిని కనీసము పదుమూడేండ్ల యంతర మున్నది. మోషే ధర్మశాస్త్రము అంతకు నాలుగువందల ముప్పదియేండ్లకు దరువాత వచ్చినదని పౌలు గణించెను. పూర్వమందు చేయబడిన వాగ్దానమును పరమందు వచ్చిన విధి కొట్టివేయజాలదని యాతని సిద్ధాంతము. మీమాంసకుల యుపక్రమన్యాయమునకు ఇది సన్నిహితముగ నున్నది.

యాకోబు పేర వెలసిన పత్రిక దీనికి విరుద్ధమని తోచును. విశ్వాసము మాత్రమున గాక క్రియలచేత మనుష్యుడు నీతిమంతుడగునని యందు గలదు. అబ్రాహామే యచ్చటను దృష్టాంతము. కాని యా పత్రికయందు సున్నతిమాట యెచ్చటను లేదు. దానియందలి క్రియ లనగా వస్త్రహీనునకు బట్టయు ఆకొన్నవానికి అన్నము నొసగుట. పౌలు త్రోసిపుచ్చినది పరులను వెలిగా నుంచు విధులను. యాకోబు కోరినది పరులకు జేయు నుపకారమును. కావున నిరువురి క్రియాశబ్దమును ఏకార్థముగ గొనరాదు.

ఇచ్చట తెలుగు పరిభాషనుగూర్చి కొంత చెప్పవలయును. హీబ్రూభాషలో తోరా యనగా ఉపదేశము. గ్రీకుభాషలో దానిని నోమోస్ అని యనువదించిరి; తెలుగు బైబిలు ధర్మశాస్త్రమనుచున్నది. ఆ మాట వినగానే పండితునకు మనుయాజ్ఞవల్క్యస్మృతులు, శౌచాశౌచములు, ప్రాయశ్చిత్తములు స్ఫురించును. అంతియొకయ వివాదమున కీ స్ఫురణ తగియేయున్నది. ఏలయన అదియు పంక్తిబాహ్యుడెవడను విచారమే. అట్లే గ్రీకు పిస్తిస్ శబ్దమునకు నమ్మికయే కాక నమ్మకముగ నుండుటయు నర్థము. తెలుగున విశ్వాసమునకు నీ రెండర్థములును గలవు; ఉప్పు తిన్న విశ్వాసమనియు, విశ్వాసఘాతకుడనియు జనులు వాడుచున్నారు. ఇట్టి యర్థమున విశ్వాసము కేవలము మనస్సమ్మతి గాక నడవడినిగూడ దనలో నిముడ్చుకొన్నది. అప్పుడు పౌలునకును యాకోబునకును గల దూరము మఱికొంత తగ్గును.

రెండవ శతాబ్దమున పరిస్థితి తాఱుమాఱయ్యెను. అన్యజాతీయులే సంఘమున నధికులైరి. ఆ శతాబ్దపు నడుమ జస్టినుడు ట్రైఫో యను యూదునితోడి సంవాదముగ నొక గ్రంథము రచించెను. క్రీస్తును నమ్మియు మోషే విధుల నాచరించువాడు, ఇతరులను బలవంతపెట్టనిచో, రక్షణ పొందునని యాతని మతము. అట్టివారితోడ సంభాషణమును ఆతిథ్యమును గూడ మానిన క్రైస్తవులు కొందఱుండిరని యాతడే చెప్పి, వారితో దా నేకీభవింపననెను. తొలుత సున్నతి లేనివాడు పంక్తికి వెలియైనట్లే, ఇప్పుడు సున్నతి గలవాడు వెలియయ్యెను. 144లో రోమాసంఘమునుండి బహిష్కృతుడైన మార్కియోను మఱింత ముందునకు బోయి, యూదుల ధర్మశాస్త్రము నొసగినవాడు వేఱొక యధమదేవుడనెను. సంఘము దీనిని నిరాకరించి ప్రాచీనగ్రంథములను నిలుపుకొనెను.

విశ్వాసమునకును సత్కర్మకును గల సామాన్యసంబంధమునుగూర్చిన మహావివాదము పదునాఱవ శతాబ్దమునాటిది. లూథరు 1522లో రోమాపత్రికను జర్మనుభాషకు మార్చుచు, మూలమున లేని మాత్రమను శబ్దమును విశ్వాసమునకు జేర్చెను. ట్రెంటుసభ 1547లో నా మతమును ఖండించెను. 1999లో లూథరనులును కతోలికులును ఈ విషయమున సమ్మతిపత్రమును బ్రకటించిరి. అందుకు రెండు దశాబ్దములు ముందే, 1977లో, సాండర్సు అను పండితుడు పౌలుకాలపు యూదమతము కర్మఫలమును లెక్కించి మోక్షమును గొనునది కాదని యుపపాదించి, ప్రాచీనవివాదమును మరల మొదటిస్థానమున నిలిపెను.

ఈ వెలుగున కర్ణాటక మిషను చరిత్రమును జూడవలయును. మధురలో 1606లో బనిజేసిన నోబిలి, జందెము, శిఖ, చందనము లౌకికాచారములనియు, మోక్షమునకు బాధకములు కావనియు వాదించెను. 1623లో పదునైదవ గ్రెగొరీ పోపు వానిని షరతులతో ననుమతించెను. పోపు ప్రతినిధి తుర్నోన్ 1704లో పుదుచ్చేరినుండి పెక్కు నిషేధములను బ్రకటించెను. వానిలో ముఖ్యమైన యొకటి, రోగగ్రస్తుడైన పరయల యింటికి గురువు పోకుండుట. 1744లో పదునాల్గవ బెనెడిక్టు పోపు తుర్నోన్ యాజ్ఞను స్థిరపఱచెను. ఐనను ఆ జనులకై ప్రత్యేకముగ గురువులను నియమించుట కొప్పెను. ఈ యాచారములకు విరుద్ధముగ గురువులు చేయవలసిన శపథము 1940లో దొలగింపబడెను.

జెసూటులు ఆచారమును ధర్మశాస్త్రముగ గాక లౌకికముగ నెంచిరి. కావున పౌలువచనము తమకు బాధకము కాదనుకొనిరి. జందెమునకును చందనమునకును ఈ విభాగము చెల్లును. ఇంటిగడప దాటుటకును, కలిసి కూర్చుండుటకును చెల్లదు. ఏలయన అంతియొకయలో పేతురు విడిచినది సిద్ధాంతమును గాదు, పంక్తిని మాత్రమే. పౌలు దానినే సువార్తకు ద్రోహమనెను. ఆచారమెంత లౌకికమైనను అది సహవిశ్వాసిని వెలిగా నుంచినచో ధర్మశాస్త్రపు పనినే చేయుచున్నదని యాతని వాదమునుండి తేలుచున్నది. విశ్వాసధర్మశాస్త్రవివాదమును కేవలతర్కముగ జదువువారికి ఈ యంశము కనబడదు; బంతిభోజనమర్యాద నెఱిగిన తెలుగువారికి సులభముగ గోచరించును.