నిఘంటువులో దొరకని మాట

వేటపాలెములోని సారస్వత నికేతన గ్రంథాలయము 1918లో స్థాపింపబడినది. పాత పత్రికలకు అది పెట్టింది పేరు. అందలి ‘ఏఁడు’ అను మాటను చదువు వచ్చిన వాడెవడైనను నేటికిని చదువగలడు. అదే మాటను 1990 ప్రాంతమున కంప్యూటరులో ఎక్కించి దాచినచో, నేటి యంత్రము దానిని పోల్చుకొనలేకపోవచ్చును. నూరేండ్ల కాగితము పలుకుచుండగా ముప్పది యేండ్ల ఫైలు మూగపోవుటేమి?

యంత్రమునకు అక్షరము తెలియదు, అంకెయే తెలియును. 1963లో అమెరికాలో వెలసిన ఆస్కీ పద్ధతిలో 128 స్థానములే గలవు. మన లిపికి అందు చోటు లేదు. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ‘ఇస్కీ’ని ప్రకటించినది. అందు ‘క’ సంఖ్య 179. హిందీ ‘క’కును అదే సంఖ్య. ఆ సంవత్సరమే యూనికోడు తొలి కూర్పు వెలువడినది. అందు తెలుగు ‘క’ 3093. 1992లో రూపొందిన యూటీఎఫ్-8 ప్రకారము ఆ ఒక్క అక్షరమే 224, 176, 149 అను మూడు బైట్లగును. అచ్చు కంపెనీల ఫాంట్లు మరింత చిక్కు తెచ్చినవి. తలకట్టు, గుడి వంటి ముక్కలకు ఎవరికి తోచిన అంకెలు వారు వేసికొనిరి!

ఇక కమాండ్ లైనులో ఒక మాట టైపుచేసి నిఘంటువు నడిగితిమనుకొనుడు. నిఘంటువు ఇస్కీలోను, మన ప్రశ్న యూటీఎఫ్-8లోను ఉన్నచో, 179తో 224 ఎన్నడును కలియదు. కావున ప్రశ్నను పోవునపుడు ఒకసారి, జవాబును వచ్చునపుడు ఒకసారి మార్పిడి చేయవలెను. రెండవది మరచినచో మాట దొరికియు తెరపై పిచ్చిగీతలే కనబడును. నిఘంటువులను దూరమునుండి సంప్రదించుటకు 1997లో ఏర్పడిన ‘డిక్ట్’ నియమావళి, పాఠమంతయు యూటీఎఫ్-8లోనే నడువవలెనని విధించినది. ఇది మంచి కట్టడి. అయినను వాడుకరి తెర వేరు పద్ధతిలో ఉన్నచో మార్పిడి భారము వెదకు ప్రోగ్రాముదే.

పద్ధతి ఒకటైనను చిక్కు తీరదు. ‘వైద్యము’లోని ఐత్వమును యూనికోడులో 3144 అను ఒకే సంఖ్యతో వ్రాయవచ్చును, 3142, 3158 అను రెంటితోను వ్రాయవచ్చును. కంటికి భేదము లేదు, యంత్రమునకు అవి వేరు మాటలు. వెదకుటకు ముందే రెంటిని ఒకే రూపమునకు తేవలెను.

అరసున్న సంగతి దీనికి భిన్నము. దాని సంఖ్య 3073. నేటి విద్యార్థి దానిని టైపుచేయడు గనుక, దానిని విడిచి వెదకుట సులువు. కాని అప్పుడు సంవత్సరమగు ‘ఏఁడు’, ఆరు తరువాతి ‘ఏడు’ ఒక్కటైపోవును. ప్రోగ్రాము మొదట ఉన్నది ఉన్నట్లు వెదకి, పిమ్మట అరసున్న విడిచి వెదకి, రెండర్థములను చూపవలెను.