చిన్న పెట్టె చాలు: ఉప్పునీటి సాల్మన్ ఎరల కథ

ఒరెగాన్ నుంచి అలాస్కా దాకా పసిఫిక్ తీరంలో సాల్మన్‌ను గాలంతో పట్టేవాళ్లకు కృత్రిమ ఎరల కొరత లేదు. సియాటిల్‌లోనో విక్టోరియాలోనో గాలపు సామాను అమ్మే కొట్టుకు వెళ్తే గోడ పొడుగునా ఇత్తడివి, నికెల్ పూతవి, ప్లాస్టిక్‌వి, చీకట్లో మెరిసేవి వందల రకాల ల్యూర్లు వేలాడుతుంటాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో పేరు కింద పది రంగులు. ఈ వేటకు కొత్తగా దిగినవాడు ఏది పనికొస్తుందో తెలియక పెట్టె నిండా కొంటాడు. చాలాకాలంగా వేటాడుతున్నవాడి పెట్టెలో నిజంగా నీటిని చూసినవి అయిదారు రకాలకు మించవు. ఈ తేడాను పొదుపు అనో, పాతవాళ్ల మొండితనం అనో కొట్టిపారేయడం సులువు. నేను అలా అనుకోను. ఉప్పునీటిలో సాల్మన్ వేట ఎలా నడిచిందో మొదటినుంచీ చూసుకుంటూ వస్తే, చిన్న పెట్టె ఎవరి అభిరుచీ కాదనీ, రెండు శతాబ్దాలకు పైబడిన అనుభవం తేల్చిన లెక్క అనీ తెలుస్తుంది.

ముందు చేప స్వభావం చూడాలి. పులస గోదావరికి ఎదురీదినట్టే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీటికి ఎక్కుతుంది. నదిలో అడుగుపెట్టాక దాదాపుగా మేత మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే మిగతా ప్రయాణమంతా. నదిలో దాన్ని గాలానికి తగిలించాలంటే ఆకలిని నమ్ముకుని లాభం లేదు. కోపమో, పాత అలవాటో దాని నోరు తెరిపించాలి. ఏది తెరిపిస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు కాబట్టి అక్కడ ఊహకు హద్దు లేకుండా పోయింది. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో అట్లాంటిక్ సాల్మన్ కోసం ఈకలతో కట్టిన ‘ఫ్లై’లే ఇందుకు సాక్ష్యం. జార్జ్ కెల్సన్ 1895లో ప్రచురించిన ‘ది సాల్మన్ ఫ్లై’ పుస్తకంలో వందల నమూనాలున్నాయి. జాక్ స్కాట్ అనే పేరుమోసిన ఫ్లై ఒక్కదానికే టూకాన్ ఈకలు, బంగారు ఫెజెంట్ ఈకలు, మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకలు కావాలి. మన అడవికోడి ఈకలు ఓడలెక్కి స్కాట్లండు నదుల దాకా వెళ్లాయి. అడవి పక్షుల ఈకల ఎగుమతిని బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1902లో నిషేధించింది. ఆ గిరాకీలో పెద్ద పాలు ఆడవాళ్ల టోపీల వ్యాపారానిదే అయినా, గాలం వేసే దొరల పాలు కూడా అందులో ఉంది. తినని చేపను ఊరించాల్సి రావడంతోనే ఎరల పెట్టె అంత పెరిగింది. సముద్రంలో సంగతి వేరు. అక్కడ చినూక్, కోహో సాల్మన్‌లు రోజూ తింటాయి. వాటి తిండి ముఖ్యంగా హెర్రింగ్ (మన కవళ్లకు దగ్గరి చుట్టం), పుల్లలా సన్నగా ఉండే సాండ్ లాన్స్, ఆంచోవీ, స్క్విడ్, రొయ్యను పోలిన క్రిల్. తిండి జాబితా పొట్టిది కాబట్టి దాన్ని అనుకరించే ఎరల జాబితా కూడా పొట్టిగానే ఉండాలి.

ఇది ఇప్పుడు కుర్చీలో కూర్చుని అల్లిన తర్కం కాదు. జాన్ జ్యూయిట్ అనే ఇంగ్లీషు కమ్మరి 1803లో వాంకూవర్ దీవి పడమటి తీరాన నూట్కా సౌండ్‌లో, తన ఓడ ‘బోస్టన్’ మీద జరిగిన దాడిలో బతికి బయటపడి, మక్విన్నా అనే స్థానిక నాయకుడి దగ్గర 1805 దాకా బందీగా ఉన్నాడు. 1815లో అచ్చయిన అతని వృత్తాంతంలో అక్కడివాళ్ల సాల్మన్ వేట వర్ణన ఉంది. చిన్న దోనెలో మనిషి ఒక్కడే కూర్చుంటాడు. వీలైనంత తాజాగా ఉన్న చిన్న చేపను గాలానికి గుచ్చి, తాడును తెడ్డు పిడికి కట్టుకుంటాడు. తెడ్డు వేసినప్పుడల్లా ఎర ముందుకు దూకి ఆగుతుంది, ప్రాణం ఉన్నదానిలా కదులుతుంది, సాల్మన్ వచ్చి అందుకుంటుంది. ఈ వేటలో ఉన్నవి మూడే విషయాలు: సాల్మన్ తినే చేపంత ఆకారం, బతికున్న కదలిక, సాల్మన్ తిరిగే చోటుకు ఎరను చేర్చడం. ఆ తర్వాత వచ్చిన లోహం, కర్ర, ప్లాస్టిక్ ఈ మూడింటికీ కొత్త పనితనం తెచ్చాయి. నాలుగోది మాత్రం ఏదీ చేర్చలేకపోయింది.

లోహపు స్పూన్‌నే తీసుకోండి. వెర్మాంట్‌లో జూలియో బ్యూయెల్ అనే కుర్రాడు పడవలోంచి చెంచా జారవిడిస్తే చేప వచ్చి దాన్ని అందుకుందనీ, అక్కడినుంచే ఈ ఎర పుట్టిందనీ అమెరికాలో ఒక కథ ఉంది. కథ మాట ఎలా ఉన్నా 1852లో అతనికి పేటెంట్ దక్కింది. వంపు తిరిగిన రేకు నీటిలో పక్కలకు ఊగుతూ, గాయపడిన చిన్న చేప పొట్ట తళుక్కుమన్నట్టు మెరుస్తుంది. అంటే తెడ్డుకు కట్టిన తాడు చేసిన పనిని రేకు వంపు చేస్తోంది. 1880ల్లో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో తెరచాప పడవలతో మొదలైన వాణిజ్య ట్రోలింగ్ 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అలాస్కా దాకా పాకింది. ఈ పడవలు ఎన్నో తాళ్లను వేర్వేరు లోతుల్లో ఒకేసారి లాగుతాయి. ఏ తాడు మీది ఏ ఎర ఎన్ని చేపలు తెచ్చిందో సాయంత్రానికి తేలిపోతుంది. చేపలు తేని ఎరకు ఆ పడవ మీద చోటుండదు, ఎందుకంటే ఆ వేట మీదే కుటుంబం గడవాలి. అలాంటి పరీక్షకు నిలిచినవి చాలా తక్కువ: ఇత్తడి, నికెల్ స్పూన్‌లు, తల ఏటవాలుగా కోసిన హెర్రింగ్ ముక్కలా మెలికలు తిరుగుతూ ఈదే కర్ర ప్లగ్‌లు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన, కాళ్లు అల్లాడే ప్లాస్టిక్ స్క్విడ్‌లు, అంటే వాళ్లు హూచీలు అనేవి. మూడూ మూడు మేతల రూపాలే.

బతుకుదెరువు కోసం కాక సరదాకు వేటాడినవాళ్ల దగ్గర మరో సాక్ష్యం ఉంది, నాకు అది ఇంకా గట్టిదనిపిస్తుంది. 1896లో సర్ రిచర్డ్ మస్‌గ్రేవ్ కాంప్‌బెల్ నది ముఖద్వారం దగ్గర పట్టిన 70 పౌండ్ల చినూక్ గురించి లండన్ పత్రిక ‘ది ఫీల్డ్’లో రాశాక, వాంకూవర్ దీవిలోని ఆ చోటికి దేశదేశాల నుంచి గాలగాళ్లు వచ్చారు. 1924లో అక్కడ టైయీ క్లబ్ ఏర్పడింది. సభ్యత్వం కావాలంటే 30 పౌండ్లు, అంటే 13 కిలోలకు పైబడిన చినూక్ పట్టాలి. అదీ మోటారు లేకుండా తెడ్లు వేసే పడవలో, 20 పౌండ్ల బరువుకు మించి ఆగని దారంతో, కృత్రిమ ఎరతో, ముళ్లు లేని ఒక్క కొక్కెంతో. ఎర తప్ప మిగతా అన్ని లాభాలనూ తీసేసిన నియమాలివి. అద్భుతమైన ఎర ఏదైనా ఉంటే బయటపడాల్సింది ఇక్కడే. దాదాపు ఒక శతాబ్దం తర్వాత కూడా అక్కడివాళ్లు ప్రధానంగా స్పూన్‌లూ ప్లగ్‌లూ నమ్ముకునే తెడ్లు వేస్తున్నారు. వాళ్ల మాటల్లో ఎర పేరు కంటే ఆటుపోట్ల వేళ, తెడ్డు వేసే లయ ఎక్కువ వినబడతాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. నిలిచిన ఎరలు గొప్పవి కావచ్చు, లేదా ఎక్కువమంది అవే వాడారు కాబట్టి వాటికే చేపలు ఎక్కువ పడ్డాయి కావచ్చు కదా? న్యాయమైన ప్రశ్న. దుకాణం గోడ గురించి అయితే ఇది నిజమే. అక్కడ ప్రకటన అమ్ముతుంది. ట్రోలింగ్ పడవకు మాత్రం ఇది అతకదు, ఎందుకంటే అక్కడ ఎరలు పక్కపక్కనే ఒకే నీటిలో పోటీపడ్డాయి. రెండో అభ్యంతరం రంగులది. బ్రిటిష్ కొలంబియాలో హూచీ రంగులకు ‘ఆర్మీ ట్రక్’ లాంటి పేర్లు పెట్టి, ఒక్కో వారం ఒక్కోదాని పేరు జపిస్తారు. రంగుకు విలువ లేదని నేను అనను. నీటిలో ఎరుపు ముందుగా మాయమవుతుంది, కొన్ని మీటర్ల కిందకు వెళ్తే ఎర్రటి ఎర నల్లబడుతుంది. పచ్చగా ఉండే తీరప్రాంతపు నీటిలో ఎక్కువ లోతుకు చేరేది ఆకుపచ్చ వెలుగే. అందుకే వెండిరంగు, ఆకుపచ్చ, లోతులో మెరిసే తెలుపు దశాబ్దాలుగా పని చేస్తున్నాయి. భౌతికశాస్త్రమే నలభై రంగుల్ని నాలుగైదుకు దించుతుంటే, మిగతా ముప్పై అయిదూ కొనేవాడి కళ్లకే. మూడో మాట ఋతువులది. సియాటిల్ దగ్గరి పుజెట్ సౌండ్‌లో చలికాలపు చిన్న చినూక్‌లు సన్నని సాండ్ లాన్స్ మీద ఉంటాయి, వేసవి చేపలు పెద్ద హెర్రింగ్ మీద. ఇది ఎక్కువ రకాలు కావాలనే వాదన కాదు, ఒకే రకంలో రెండు కొలతలు కావాలనే వాదన.

ఇక గత యాభై ఏళ్లలో వేటను నిజంగా మార్చినవి ఏమిటో చూస్తే ల్యూర్లు కాదు. పడవ పక్కన సీసపు గుండు వేలాడదీసి ఎరను కోరిన లోతులో నిలబెట్టే డౌన్‌రిగ్గర్, ఎర ముందు గిరగిర తిరుగుతూ దూరం నుంచి చేపను పిలిచే ఫ్లాషర్, నీటి అడుగు చూపే సోనార్. ఇవన్నీ ఎరను చేప ఉన్న చోటుకు చేర్చే పనికి, కదలిక ఇచ్చే పనికి వచ్చిన సామాన్లు. నలభై మీటర్ల లోతున చినూక్ తిరుగుతుంటే పైనీటిలో లాగే ఎర ఎంత అందమైనదైనా దానికి కనబడదు. లోతు కుదిరితే మాత్రం ఇత్తడి స్పూన్ ఈ రోజుకూ తన పని చేస్తుంది.

సియాటిల్, వాంకూవర్ చుట్టుపక్కల ఇప్పుడు తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు. వాళ్లలో ఎవరైనా ఈ వేటకు దిగుతుంటే నా సలహా ఇది. హెర్రింగ్ కొలతలో ఒక స్పూన్, సాండ్ లాన్స్‌లా సన్నని మరో స్పూన్, ఫ్లాషర్ వెనక కట్టే హూచీలు రెండు రంగుల్లో, ఒక ప్లగ్. పడవ లేకుండా తీరం నుంచి విసరడానికి బజ్ బాంబ్ తరహా బరువైన జిగ్ ఒకటి. పైనీటి కోహో కోసం, వాంకూవర్ దీవిలోని కవిచన్ అఖాతంలో పేరు తెచ్చుకున్న జింక తోక వెంట్రుకల బక్‌టెయిల్ ఫ్లై ఒకటి. అంతకు మించి కొనకండి. ముందు లైసెన్సు తీసుకుని, ఆ నీటికి ఆ నెలలో వర్తించే నియమాలు చదవండి. ముళ్లు లేని కొక్కేలు చాలా చోట్ల తప్పనిసరి. మిగిలిన డబ్బుతో ఆటుపోట్ల పట్టిక, లోతులు చూపే పటం కొనండి.