తెప్ప మునగదు

ఈ టపా ఒక విధంగా నా తప్పొప్పుల పట్టిక.

ముప్పయ్యైదేళ్ళ క్రిందటి మాట. భీమునిపట్నం దాపున ఒక మత్స్యకార గ్రామంలో తెలుగు పండితుడిగా ఉండేవాణ్ణి. ‘మా ఊరి వృత్తులు’ అని వ్యాసం వ్రాయమంటే తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఇలా వ్రాశాడు: “తెప్ప మునగదు. నీళ్ళు వచ్చిన దారినే పోతాయి.” ఆ రెండు వాక్యాలనూ ఎర్రసిరాతో కొట్టివేసి, ప్రక్కన ‘తర్కవిరుద్ధము’ అని వ్రాశాను. నీరు చేరితే ఏ నావైనా మునుగుతుందని నా నిశ్చయం. సముద్రంలో మోకాటి లోతు దాటి నేనెన్నడూ దిగి ఎరుగను.

2023 వేసవిలో ఫ్లోరిడాలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. సెలవు రోజుల్లో కడలిలో చేపల వేటకని అతడూ, మిత్రుడొకరూ కలిసి పడవ కొనదలచారు. ఇంటి ముందు ట్రైలరు మీద నిలుపుకొని, కారుకు తగిలించి తీరానికి తీసుకుపోయే రకం. నేనూ వెంట వెళ్ళాను. అమ్మకందారు ఏకరువు పెట్టిన సుగుణాలలో మొదటివి రెండు: పొరల మధ్య నురుగు నింపినది కనుక ఇది మునగదు; పైకెక్కిన నీరు వెనుకనున్న రంధ్రాల గుండా తనంతట తానే పోతుంది. అది విన్న క్షణంలో నా ఎర్రసిరా నాకు గుర్తుకు వచ్చింది.

ఇంటికి వచ్చి పడవల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఆ మునగని పడవకు ఆద్యులలో ముఖ్యమైనది 1958లో వచ్చిన బోస్టన్ వేలర్. డిక్ ఫిషర్ అనే ఆయన రే హంట్ అనే రూపశిల్పితో కలిసి దానిని తయారుచేశాడు. రెండు ఫైబరు పెంకుల నడుమ తేలికైన నురుగు పోసి గట్టిపరచారు. 1961లో లైఫ్ పత్రికలో ఒక ఛాయాచిత్రం వచ్చింది: పడవను రంపంతో అడ్డంగా రెండుగా కోస్తూ ఉంటే, ఫిషర్ అందులోనే తాపీగా కూర్చుని ఉంటాడు. లోకం విస్తుపోయింది.

మన తీరంలో విస్తుపోయేవారు లేరు. ఎందుకంటే తెప్పకు ‘లోపల’ అనేదే లేదు. తేలిక జాతి దుంగలను చెక్కి, ప్రక్కప్రక్కన చేర్చి తాళ్ళతో బిగిస్తే అదే తెప్ప. అల మీద పడితే దుంగల సందుల గుండా నీరు జారిపోతుంది. తమిళంలో దీనిని కట్టుమరం అంటారు. కట్టిన మ్రాను అని అర్థం. ఆ ‘మరం’, మన ‘మ్రాను’ ఒక ధాతువు బిడ్డలే. ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో కోరమాండల్ తీరపు ఈ తెప్పలను వర్ణించాడు. ఇప్పుడు కాటమరాన్ అనగానే జంట పొట్టల విలాసనౌక గుర్తుకు వస్తుంది. అటువంటి జంట నావలు నిజానికి పసిఫిక్ ద్వీపవాసుల విద్య. పేరు మాత్రం మనవైపు జాలరులది.

అయితే మునగకపోవడం ఒక్కటే చాలదు. మన తూర్పు తీరంలో సహజమైన రేవులు తక్కువ. ఇసుక ఒడ్డు, దాని ముందు వరుసగా విరిగిపడే కెరటాలు. ఉదయం వాటిని దాటి పోవాలి, మధ్యాహ్నం వాటిమీదుగానే తిరిగి రావాలి. ఆపైన పడవను నీటికి అందనంత ఎత్తుకు లాగాలి. తెప్పను తాళ్ళు విప్పి ముక్కలుగా మోసుకుపోవచ్చు. దుంగలు నీరు పీలుస్తాయి కనుక ఎలాగూ విప్పి ఎండబెట్టాలి. సరుకుల కోసం మరొక ఉపాయం ఉండేది: మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో పలకలను కుట్టిన మసూలా పడవ. ఇసుకను గుద్దుకున్నా పలకలు వంగి ఊరుకుంటాయి గాని విరగవు. మద్రాసులో రేవు కట్టకముందు ఓడలు దూరంగా లంగరు వేస్తే, దొరలు సైతం ఒడ్డు చేరింది ఈ కుట్టుపడవల మీదనే.

అమెరికాలోనూ సూత్రం ఇదే. అక్కడ ఒడ్డుకు బదులు రహదారి శాసిస్తుంది. వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు దాటితే చాలా రాష్ట్రాలలో ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డు మీదికి తీసుకురాలేరు. రే హంట్ గీసిన లోతైన ‘వి’ ఆకారపు అడుగు గల పడవ 1960లో మయామీ–నసావు పందెం గెలిచాక ఆ ఆకారానికి గిరాకీ పెరిగింది. అది అలను కోస్తూ మెత్తగా పోతుంది. కాని నిలిచి గాలం వేసేటప్పుడు చదును అడుగు కన్నా ఎక్కువగా ఊగుతుంది, నడవడానికి ఎక్కువ బలం కోరుతుంది. బరువు పెరిగితే లాగే కారూ పెద్దది కావాలి. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి.

ఇక్కడ ఆ బేరం మరింత కఠినమైనది. తెప్పకు తగిన కలప కరవైంది. మోటారుకు తెప్పలో చోటు లేదు. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం మొదలైంది. దాని ఇంజనీర్లు 1980లలో ఒడ్డున దిగే ఫైబరు పడవల మీద పనిచేశారు. వారి ముందున్న చిక్కులలో ఒకటి, ఇసుక తగిలే లోపల పంకాను పైకి ఎత్తడం ఎలాగన్నది. ఇంజనీర్లకు కూడా మొదటి ప్రశ్న ఒడ్డే అయింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత సహాయంగా ఫైబరు పడవలు విరివిగా వచ్చాయి.

ఇవన్నీ చదివాక ఆ కుర్రవాడి ఫోను నంబరు వెదికి పట్టుకున్నాను. ఇప్పుడతనికి యాభై దగ్గర పడింది, వేటే జీవనం. పాత ఫైబరు తెప్ప బీటలు వారి, కొత్తది కొనే ఆలోచనలో ఉన్నాడు. పెద్దది తీసుకుంటే దూరం పోవచ్చు కదా అన్నాను. అతడన్నాడు: “వేటకెంతమంది కావాలని కాదు మాస్టారూ, లాగడానికి ఒడ్డున ఎంతమంది ఉన్నారో సూసి కొనాలి. మా కుర్రాళ్ళందరూ ఎరావల్ పోయి బోట్లలో కూలికి సేస్తన్నారు. ఒడ్డు కూడా ఎనకటంత లేదు.”

ఇందులో కొట్టివేయడానికి ఒక్క వాక్యమూ నాకు దొరకలేదు.

ఆనాటి వ్యాసం సంగతి ఎత్తి, నీవు వ్రాసినదే నిజం, తప్పు నాదని చెప్పాను. అతడు నవ్వాడు. “ఆ మార్కులేవో అప్పుడే ఏసుంటే పదో తరగతి పాసైపోదును కదండీ.”

పరిహాసానికే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.