రాతి మీది అక్షరం, ఫ్లాపీలోని అక్షరం



రాయచూరు కోట చూసినవారికి అక్కడి గోడలోని పొడవాటి రాయి గుర్తుండే ఉంటుంది. నలభై అడుగుల పైబడిన ఆ రాతి మీద కాకతీయుల నాటి, అంటే క్రీ.శ. 1294 నాటి శాసనం ఉంది. అంత రాతిని బండి మీద వేసి పశువులతో ఎలా లాగించుకొచ్చారో బొమ్మ కూడా చెక్కారు. ఏడు వందల ఏళ్ళు దాటినా అక్షరమూ, బొమ్మా చెక్కుచెదరలేదు. మరి పాతికేళ్ళ కిందట మన ఊళ్ళలో కంప్యూటర్ మీద కూర్చిన అక్షరం మాటేమిటి?

1985లో అమెరికాలో ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్‌ను విడుదల చేసింది. 1989లో కోరెల్‌డ్రా వచ్చింది. 1990ల్లో ఈ రెండూ మన పట్టణాలకు చేరాయి. సీసపు అక్షరాల కేసుల స్థానంలో డి.టి.పి. సెంటర్లు వెలిశాయి. రాయచూరు, సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో ఒకే పెళ్ళిపత్రికలో కన్నడమూ, తెలుగూ పక్కపక్కన అచ్చయ్యేవి. తుంగభద్ర కాలువ కింద స్థిరపడిన క్యాంపుల జాతర కరపత్రాలూ, బడుల సావనీర్లూ అలాగే తయారయ్యాయి. మన కుటుంబాల చరిత్రలో ఇదీ ఒక భాగమే.

ఆ ఫ్లాపీని నేటి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. కారణం చెబుతాను. ఆనాటి ఫాంటులో ఉన్నవి 256 గదులు. వాటిలో ఇంగ్లీషు అక్షరం ఉండవలసిన చోట తలకట్టునో, కొమ్మునో, ఒత్తునో కూర్చోబెట్టారు. ఏ గదిలో ఏ ముక్క అన్నది ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పద్ధతి. ఆ ఫాంటు లేకపోతే ఫైలు మూగదే.

1991లో వచ్చిన యూనికోడ్ ఈ చిక్కు తీర్చింది. అందులో తెలుగుకు 128 స్థానాలు, ఆ వెంటనే కన్నడానికి 128. అక్కడా మనం ఇరుగుపొరుగులమే! 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. కానీ అప్పటికే కూర్చిన ఫైళ్ళు వాటంతట అవి మారవు కదా.

అందుకే పాత యంత్రాన్ని మళ్ళీ లేపాలి. చాలామంది దానికి కొత్త భాగాలు తగిలించి వేగం పెంచుతారు. అక్కడే తంటా వస్తుంది. ప్రాసెసర్ వేగం సుమారు 2.1 గిగాహెర్ట్జ్ దాటితే విండోస్ 95 మొదలవుతూనే ఆగిపోతుంది. కాలం కొలిచే చిన్న లెక్క ఒకటి మరీ త్వరగా ముగిసి, సున్నాతో భాగించవలసి రావడమే అందుకు కారణం. విండోస్ 98కి మెమొరీ 512 మెగాబైట్లు మించితే, ఎక్కువై కూడా చాలలేదని మొరాయిస్తుంది. ఎద్దుబండికి లారీ ఇంజను బిగించినట్టే! పైగా ఆనాటి భారతీయ భాషా ప్యాకేజీలు కొన్నింటికి ప్రింటర్ పోర్టులో పెట్టే తాళం ఉండేది. నేటి యంత్రాల్లో ఆ పోర్టు ఉండడం అరుదు. కాబట్టి పాత యంత్రానికి మితంగానే కొత్తదనం చేర్చాలి. తాళంతో పనిలేని ప్యాకేజీ అయితే, నేటి కంప్యూటర్ లోపలే విండోస్ 98ను నడిపే వర్చువల్ మెషీన్ కూడా పనికొస్తుంది.

శ్రోతలారా, మీ ఇంట్లోనో, మూతపడిన ప్రెస్సులోనో ఇలాంటి ఫ్లాపీలు ఉంటే పారవేయకండి. అయస్కాంత పూత ఏటేటా బలహీనపడుతుంది. ముందుగా నకలు తీయించండి. తరువాతే తెరిచే ప్రయత్నం చేయండి. తెరుచుకుంటే పేజీని ఉన్నదున్నట్టుగా పీడీఎఫ్‌గా దాచండి, మాటలను యూనికోడ్‌లోకి మార్పించండి. చివరగా ఒక ప్రతి కాగితం మీద అచ్చు తీసి పెట్టుకోండి. కాగితాన్ని చదవడానికి ఏ తాళమూ అక్కర్లేదు.

కోటలో రాతిని మోయించినవారు రాబోయే తరాల కోసం అంత శ్రమపడ్డారు. మనం మోయవలసింది అరచేతిలో పట్టే ఫ్లాపీ మాత్రమే.

సెలవు.